రెండడుగుల ఉప్పునీటి తొట్టిలో గోధుమరంగు పాచి: తుడిచిన రెండు రోజులకే మళ్లీ వస్తోంది

పటమట తొట్టి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాను. మంచినీటి చేపలను చాలా ఏళ్లుగా పెంచుతున్నాను గాని, ఉప్పునీటి తొట్టి పెట్టడం ఇదే మొదటిసారి. తొట్టి పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 38. రాళ్లూ ఇసుకా పోను అందులో నిలిచే నీరు 55 లీటర్లకు మించదు. మార్చి రెండో వారంలో మొదలుపెట్టాను. ఎండు రాళ్లు, పగడపు ఇసుక చెన్నై కొళత్తూరు నుంచి తెప్పించాను. రెండు క్లౌన్ చేపలు, రెండు టర్బో నత్తలు ఉన్నాయి.

మూడో వారం చివర ఇసుక మీద అక్కడక్కడ టీ మరకల వంటివి కనిపించాయి. ఇప్పుడు ఏడో వారం నడుస్తోంది. ఇసుక, రాళ్లు, అద్దం, చివరకు పంపు మూత కూడా కాఫీ పొడి చల్లినట్టు గోధుమరంగులోకి మారిపోయాయి. అద్దాన్ని పాత ఏటీఎం కార్డుతో గీస్తే పాచి సులువుగా ఊడి పొగలా లేస్తుంది, కానీ రెండు రోజులు తిరక్కుండానే అంతా యథాతథంగా తయారవుతుంది. పోయిన ఆదివారం ఐదో వంతు నీరు మార్చాను. తగ్గుతుందనుకుంటే మంగళవారానికి ఇంకా చిక్కగా వచ్చింది. అంటే నీరు మార్చడమే తప్పయిందా అన్న అనుమానం కలిగింది.

పరీక్షల ఫలితాలు ఇవి: అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ లీటరుకు 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.1. ఉప్పు సాంద్రత 1.025. ఎల్‌ఈడీ దీపం ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది వరకు వెలుగుతుంది. ఎండలు మొదలయ్యాక మధ్యాహ్నం తొట్టి 31 డిగ్రీలకు చేరుతుండటంతో పైన చిన్న ఫ్యాను బిగించాను. దానివల్ల 28కి దిగింది గాని నీరు బాగా ఆవిరైపోతోంది. తగ్గిన మేరకు వంటింట్లోని ఆర్వో నీరు పోస్తున్నాను. ఉప్పు కలపడానికి కూడా అదే నీరు.

చేపలు కొన్న దుకాణంలో అడిగితే నాచును చంపే మందు సీసా ఒకటి చేతిలో పెట్టారు. మూత ఇంకా తీయలేదు. వేయవచ్చా? ఈ పాచి వల్ల చేపలకు ప్రమాదం ఉందా? దీన్ని ఆపడానికి అసలు ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.


బ్రాడీపేట:

ఆ సీసా మూత తీయకండి. అలాంటి మందుల్లో కొన్నింటిలో రాగి ఉంటుంది. చేపలు తట్టుకునే మోతాదు కూడా నత్తలను చంపేస్తుంది. ఇసుకలోనూ రాళ్లలోనూ చేరిన రాగి తరువాత నెలల తరబడి కొద్దికొద్దిగా నీటిలోకి వస్తూనే ఉంటుంది. ఒకవేళ రాగి లేని మందే అయినా, ఇంత చిన్న తొట్టిలో పాచి అంతా ఒకేసారి చచ్చి కుళ్లితే, 28 డిగ్రీల నీటిలో ఉండే కాస్త ఆక్సిజనూ దానికే ఖర్చవుతుంది.

మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇవి డయాటమ్‌లు. మనం వాడుకలో గోధుమరంగు నాచు అంటున్నాం గాని, శాస్త్రంలో ఆ పేరు సముద్రంలో పెరిగే కెల్ప్, సర్గాసం వంటి పెద్ద నాచులది. డయాటమ్ ఒక్క కణంతో బతికే జీవి. దాని చుట్టూ సిలికాతో చేసిన రెండు గాజు పెంకులు కుంకుమ భరిణె, దాని మూత మాదిరిగా ఒకదానిలో ఒకటి అమరి ఉంటాయి. ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం వల్ల ఆ రంగు వస్తుంది. కొత్త తొట్టిలో రాళ్ల మీద ఇంకా వేరే జీవులేవీ చోటు పట్టి ఉండవు కనుక, అందరికంటే ముందు వచ్చి కూర్చునేది ఇదే. చేపలకు దీనివల్ల ఏ హానీ లేదు, నత్తలకైతే విందు భోజనం.

అయినా నిర్ధారించుకోవడం మంచిది. ఎందుకంటే డైనోఫ్లాజెల్లేట్‌లు అనే మరో రకం కూడా దాదాపు ఇదే రంగులో వస్తుంది, దానికి చేయవలసిన వైద్యం పూర్తిగా వేరు. డైనోలు జిగురుగా, ముక్కు చీమిడి తీగల్లా వేలాడుతూ, వాటి కొసన గాలి బుడగలు పట్టుకుని ఉంటాయి. రాత్రి దీపం తీశాక చాలావరకు మాయమై, పగలు మళ్లీ కనిపిస్తాయి. వాటిని తిన్న నత్తలు కదలకుండా పడిపోతాయి. మీ నత్తలు తిరుగుతున్నాయి, పాచి తీగలా సాగకుండా పొగలా లేస్తోంది. ఈ రెండూ మంచి సూచనలే. అనుమానం తీరకపోతే కాస్త పాచిని తొట్టి నీటితో సహా చిన్న సీసాలోకి తీసుకుని, గట్టిగా కుదిపి, రెండు మడతల టిష్యూ పేపరు గుండా వడకట్టి, దిగిన నీటిని దీపం కింద గంటసేపు కదపకుండా ఉంచండి. ఆ తేరిన నీటిలో మళ్లీ జిగురు ముద్దలు కట్టాయంటే అవి డైనోలు. డయాటమ్‌లు అలా కూడుకోవు. మీ ఇంట్లో గాని తెలిసినవాళ్ల ఇంట్లో గాని బడి పిల్లల మైక్రోస్కోపు ఉంటే అసలు సందేహమే ఉండదు: నిదానంగా జరిగే గాజు పడవల్లాంటివి డయాటమ్‌లు, బొంగరంలా తిరుగుతూ ఈదేవి డైనోలు.

నా అభిప్రాయం అడిగితే, దీపాన్ని ఏడు గంటలకు తగ్గించి, రెండు నెలలు నిండేదాకా ఓపిక పట్టమంటాను. నా తొట్టికి ఇదే వచ్చింది, ఏమీ చేయకుండానే తొమ్మిదో వారంలో పోయింది. కానీ నీరు మార్చాక పెరిగిందన్న మాట ఒక్కటే నాకు కొరుకుడు పడలేదు. పోసే నీటి సంగతి ఎవరైనా వివరంగా చెబితే బాగుంటుంది.


ఓడరేవు హేచరీ:

మాది గుంటూరే. ఉద్యోగరీత్యా చీరాల దగ్గర సముద్రతీరంలో రొయ్యపిల్లల హేచరీలో ఆల్గే విభాగం చూస్తున్నాను. మీరు వదిలించుకోవాలని చూస్తున్న జీవినే మేము జీతాలు తీసుకుని పెంచుతాం. వన్నామి రొయ్యపిల్ల జోయియా అనే తొలి దశలోకి రాగానే దానికి కీటోసెరాస్ అనే డయాటమ్‌ను మేతగా వేయాలి. అందుకోసం శుద్ధి చేసిన సముద్రపు నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్, సూక్ష్మ లోహాలు, విటమిన్లతో పాటు, పెంకుకు కావలసిన సిలికాను అందించే సోడియం సిలికేట్ ప్రత్యేకంగా కలుపుతాం. మిగిలినవన్నీ వేసి సిలికేట్ ఒక్కటి మరిచిపోతే, ఎంత వెలుగు ఇచ్చినా కార్బాయ్‌లో (వాటిని పెంచే పెద్ద సీసాలో) రంగు తిరగదు. అన్నీ సక్రమంగా పడితే ఉదయానికి నీరు బెల్లం టీ రంగులోకి వస్తుంది. డెల్టాలో చెరువు రైతులు కూడా ఆ రంగు కోసమే ఎదురుచూస్తారు. కాబట్టి మీ ప్రశ్నను తలకిందులు చేసి అడుగుతాను: మీ తొట్టికి రోజూ సిలికేట్ వేస్తున్నది ఎవరు?

డయాటమ్‌ల ఒంట్లో ఫాస్ఫరస్ అణువు ఒకటి ఉంటే నైట్రోజన్ 16, సిలికాన్ 15 దాకా ఉంటాయి. అంటే వాటికి సిలికా అవసరం నైట్రేట్‌తో ఇంచుమించు సమానం. వేరే నాచులకు ఈ అవసరం లేదు. తీరానికి దూరంగా ఉండే వెచ్చని సముద్రాల పైనీటిలో కరిగిన సిలికా లీటరుకు ఒక మిల్లీగ్రాము కంటే చాలా తక్కువే, ఉన్నదాన్ని డయాటమ్‌లే ఎప్పటికప్పుడు వాడేస్తాయి. నదులలో మాత్రం రాళ్లు అరిగి కరగడం వల్ల లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు ఉండటం మామూలే, బోరు నీటిలో ఇంకా ఎక్కువ ఉండవచ్చు. మీ కొళాయిలో వచ్చేది కృష్ణ నీరైనా, అపార్ట్‌మెంటు బోరు నీరైనా, రెండూ కలిసినదైనా, సముద్రంతో పోలిస్తే అది డయాటమ్‌లకు ఎరువు కలిపిన నీరే.

"ఆర్వో నీరే పోస్తున్నాను కదా" అంటారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. వంటింటి ఆర్వోలు మనం తాగడానికి చేసినవి, నీరు మరీ చప్పగా ఉండకూడదని చాలావాటిలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ అనే చిన్న మర పెడతారు. అది ఆర్వో పొర గుండా వెళ్లని నీటిని కొంత తీసుకొచ్చి, వడకట్టిన నీటిలో మళ్లీ కలుపుతుంది. పొర సిలికాను చాలావరకు ఆపుతుంది గాని, పక్కదారిన వచ్చే నీటిలోని సిలికా మొత్తం మీ గ్లాసులోకి, తొట్టిలోకి వస్తుంది. టీడీఎస్ మీటరు ఉంటే మీ కొళాయి నీరు, ఆర్వో నీరు రెండూ కొలిచి ఇక్కడ చెప్పండి.

రెండో మెలిక మన ఎండలు. మీ తొట్టి పైభాగం 60 సెంటీమీటర్లు గుణకారం 30, అంటే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే పోయింది 1.8 లీటర్లు. ఫ్యాను కింద మే నెలలో రోజుకు సెంటీమీటరు తగ్గడం వింతేమీ కాదు. ఆ లెక్కన నెలకు 54 లీటర్లు, అంటే మీరు నెలకొకసారి తొట్టెడు నీళ్లు అదనంగా పోస్తున్నారన్నమాట. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులో వచ్చిన సిలికా తొట్టిలోనే ఉండిపోతుంది. ఊటీలో ఇదే తొట్టి ఇదే నీటితో నడిపితే బహుశా ఈ పాచి ఎప్పుడో పోయేది.

ఉదాహరణకు కొళాయి నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల సిలికా ఉందని, అందులో పదో వంతు పక్కదారిన వస్తోందని ఊరికే అనుకుందాం. లీటరుకు 3 చొప్పున 1.8 లీటర్లకు 5.4 మిల్లీగ్రాములు రోజూ పడుతున్నట్టు. 55 లీటర్ల తొట్టిలో లీటరుకు 0.1 చొప్పున ప్రతిరోజూ పెరుగుతుంది, నెలకు 3. నీరు మార్చినప్పుడు పదకొండు లీటర్లు ఒక్కసారిగా పడుతుంది కనుకనే మీకు మంగళవారం ఆ చిక్కదనం కనిపించింది. నీరు మార్చడం తప్పు కాదు, ఆ నీరే తప్పు.

ఇక గీయడం గురించి. అద్దం మీది పాచిని గీసి నీటిలోనే వదిలేస్తే లాభం లేదు. డయాటమ్ చచ్చాక దాని పెంకు మీది సేంద్రియ పొరను బ్యాక్టీరియా తినేస్తుంది, ఆపై పెంకు మెల్లగా కరిగి సిలికా మళ్లీ నీటిలో చేరుతుంది, పక్కనున్న మరో డయాటమ్ దాన్ని అందుకుంటుంది. కాబట్టి గీసిన ప్రతిసారీ బయటకు లాగేయాలి. సన్నని ఎయిర్ ట్యూబు కొసకు వాడని టూత్‌బ్రష్ తలను రబ్బరు బ్యాండుతో కట్టి, రెండో కొసను కింద బకెట్‌లో వదిలి సైఫన్ పెట్టండి. బ్రష్ రుద్దిన చోటి పాచి పైకి లేవకముందే గొట్టంలోకి పోతుంది. బకెట్ మీద పాత నూలు గుడ్డ నాలుగు మడతలు వేసి కడితే పాచి గుడ్డ మీద ఆగుతుంది, కిందికి దిగిన ఉప్పునీటిని తిరిగి తొట్టిలో పోసుకోవచ్చు. పంపు స్పాంజిని కూడా మూడు రోజులకొకసారి బయట కడగండి.


భవానీపురం:

పై రెండు జవాబులతోనూ ఏకీభవిస్తూనే, నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను, మీరు చేయకుండా ఉండటానికి. పోయిన ఏడాది నా 40 లీటర్ల తొట్టిలో ఇదే పాచి వస్తే, సిలికేట్‌ను పట్టేస్తుందని విని గ్రాన్యులర్ ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు తెచ్చాను. అవి సిలికేట్‌ను పట్టడం నిజమే గాని ఫాస్ఫేట్‌ను కూడా వదలవు. డబ్బా మీద రాసిన మోతాదు పెద్ద తొట్టికని చూసుకోకుండా, రెండు చెంచాలు ఎక్కువైతే ఏమవుతుందిలే అని సంచీ నింపి ఫిల్టరులో పెట్టాను. వారానికి గోధుమరంగు పోయి తెల్లటి ఇసుక బయటపడింది, ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించాను కూడా. ఆ తరువాతి వారం ఫాస్ఫేట్ సున్నా, నైట్రేట్ సున్నా. మూడో వారంలో బుడగలతో జిగురు తీగలు వచ్చాయి. బ్రాడీపేట వారు చెప్పిన డైనోలు అవే. పోషకాలు పూర్తిగా సున్నా అయిన తొట్టిలో పోటీ ఇచ్చే జీవులు బలహీనపడతాయి, డైనోలకు అదే అదను. నాలుగు నత్తలు చనిపోయాయి. గుళికలు తీసేసి, చేపల మేత పెంచి, నైట్రేట్, ఫాస్ఫేట్ మళ్లీ కనిపించేలా చేసి, అవి తగ్గేసరికి రెండు నెలలు దాటింది.

మీ నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.1 రెండూ ఉండవలసిన తీరులోనే ఉన్నాయి. వాటి జోలికి వెళ్లకండి. ఆ గుళికలు వాడక తప్పదనుకుంటే చెంచాలో పావు వంతుతో మొదలుపెట్టి, రెండు రోజులకొకసారి ఫాస్ఫేట్ చూసుకుంటూ ఉండండి.

నత్తల గురించి ఒక మాట. పాచి ఎక్కువగా ఉంది కదా అని పది నత్తలు తెచ్చి వేయకండి. పాచి తగ్గాక వాటికి తిండి ఉండదు. మీ తొట్టికి ఆ రెండు టర్బోలూ చాలు, ఇసుక కోసమైతే రెండు మూడు సెరిత్ నత్తలు చేర్చవచ్చు.


పటమట తొట్టి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలు ఆగి రాస్తున్నాను.

మొదట టిష్యూ పేపరు పరీక్ష చేశాను. గంటన్నర చూసినా సీసాలో ఏమీ కూడుకోలేదు. టీడీఎస్ మీటరు కొని కొలిస్తే కొళాయి నీరు 610, వంటింటి ఆర్వో నీరు 85. మెకానిక్‌ను పిలిచి పొర నుంచి వచ్చే గొట్టాన్ని కంట్రోలర్‌కు కలవక ముందే విడదీయించి పట్టి చూస్తే 21 వచ్చింది. అంటే తొమ్మిదింట ఒక వంతు కొళాయి నీరే. "తాగే నీళ్లకు కంట్రోలర్ ఉండాలి సార్" అని ఆయన అభ్యంతరం చెప్పారు. మా అమ్మ కూడా ఆయన పక్షమే. అందుకని కంట్రోలర్‌ను ముట్టుకోకుండా, దానికి ముందు గొట్టాన్ని రెండుగా చీల్చే టీ-జాయింటు ఒకటి బిగించి, తొట్టి కోసం విడిగా చిన్న కొళాయి పెట్టించాను. ఆ కొళాయికి, నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం కూడా తగిలించాక మీటరు సున్నా చూపిస్తోంది.

తొట్టి పక్క అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాను. రోజూ సాయంత్రం చూస్తే ముప్పావు సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా దిగుతోంది, ఓడరేవు వారి లెక్క అక్షరాలా సరిపోయింది. దీపం ఏడు గంటలకు తగ్గించాను. బ్రష్ గొట్టంతో మూడు రోజులకొకసారి లాగుతున్నాను. మొదటిసారి గుడ్డ మీద మిగిలినది తడి కాఫీ మడ్డిలా ఒక చెంచాడు ఉంది. నిన్న చేసినప్పుడు గుడ్డ మీద లేత మరక మాత్రమే మిగిలింది. అద్దం తుడిచి ఇవాళ్టికి ఆరు రోజులు, ఇంకా లోపలి చేపలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రాళ్ల మీద మాత్రం పచ్చటి మచ్చలు మొదలయ్యాయి.

రెండు సందేహాలు మిగిలాయి. మీటరు సున్నా చూపిస్తోంది కనుక ఇక సిలికా లేనట్టేనా? రెండోది, మా బావగారు బాపట్లలో ఉంటారు. సూర్యలంక నుంచి సముద్రపు నీరే డ్రమ్ములో తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు, ఈ రెసిన్ బాధ రెండూ తప్పుతాయి కదా?


ఓడరేవు హేచరీ:

మొదటి సందేహానికి: కాదు. మీటరు కొలిచేది విద్యుత్తును మోసే అయాన్లను. మామూలు నీటిలో కరిగిన సిలికా చాలావరకు విద్యుదావేశం లేకుండా ఉంటుంది కనుక మీటరుకు అది కనిపించదు. కొత్త రెసిన్ దాన్ని పడుతుంది. అయితే రెసిన్ అరిగిపోయే దశలో అన్నిటికంటే ముందు జారిపోయేది కూడా సిలికాయే. మీటరు సున్నా నుంచి కదలకముందే అది నీటిలోకి వస్తూ ఉండవచ్చు. రెసిన్ మార్చే సమయాన్ని మీటరుకు వదిలేయకుండా, ఒక గొట్టం ఎన్ని లీటర్లకు వస్తోందో రాసి పెట్టుకుని, తరువాతి దాన్ని అంతకంటే కాస్త ముందే మార్చండి. సిలికేట్ టెస్ట్ కిట్ దొరికితే మరీ మంచిది.

రాళ్ల మీద పచ్చదనం రావడం ఎదురుచూసినదే. సిలికా ఆగిపోతే మిగిలిన నైట్రేట్, ఫాస్ఫేట్‌లను సిలికా అక్కర లేని నాచులు వాడుకుంటాయి. టర్బోలు దాన్ని చూసుకుంటాయి.

ఇక సూర్యలంక. ఒడ్డున అలల్లోంచి ముంచుకున్న నీటిని మాత్రం నేరుగా వాడవద్దు. ఒడ్డు నీటిలో మన్ను, జనం వదిలేసినవి, రకరకాల జీవులు అన్నీ ఉంటాయి. వానలు పడి కృష్ణకు వరద వచ్చిన నెలల్లో ఈ తీరమంతటా ఉప్పు తగ్గిపోతుంది, నది తెచ్చిన సిలికా పెరుగుతుంది. మీరు తప్పించుకోవాలని చూస్తున్నదాన్నే డ్రమ్ములో నింపుకుని కారులో తెచ్చుకున్నట్టవుతుంది. మా హేచరీలో సముద్రపు నీటిని లోపలికి తెచ్చాక మడ్డి తేర్చి, ఇసుక ఫిల్టర్ల గుండా పంపి, బ్లీచింగ్ వేసి, గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ను థయోసల్ఫేట్‌తో విరిచాకే వాడతాం. నెలకు నలభై లీటర్లు మార్చే తొట్టి కోసం మీరు ఇంట్లో ఇదంతా చేయడం కంటే ఉప్పు ప్యాకెట్టు కొనుక్కోవడమే చవక.


బ్రాడీపేట:

పటమట వారికి ఒక చిన్న సూచన. ఈ నెల వడగాడ్పులు తగ్గి జూన్‌లో వానలు మొదలయ్యాక గాలిలో తేమ పెరుగుతుంది, మీ స్కెచ్ పెన్ను గీత నుంచి నీరు ఇప్పటంత దిగదు. అలవాటు కొద్దీ రోజుకు 1.8 లీటర్లు పోసేయకుండా గీతను చూసి పోయండి, లేకపోతే ఈసారి ఉప్పు సాంద్రత పడిపోయిందని మరో ప్రశ్న పెట్టవలసి వస్తుంది. ఇంతకీ ఆ మందు సీసాను దుకాణంలో వెనక్కి తీసుకున్నారా?


పటమట తొట్టి:

తీసుకోలేదండీ. అలమారాలో అలాగే ఉంది, మూత తీయలేదు.